అంజీర్‌కి జోడీ ఎవరు?

ఈ వారం ఏ హీరో కొత్త చిత్రానికి కొబ్బరికాయ కొట్టాడో, ఏ హీరోయిన్ ఏ నిర్మాత మీద అలిగిందో చెప్పబోవడం లేదు. ఈ వారం మన కథానాయకుడు అంజీర్. అదీ ఎండు అంజీర్! పేజీ తిప్పేయకండి మహాశయులారా. ఇందులో తండ్రీకొడుకుల సెంటిమెంటుంది, ఓ చిన్న ఫైటింగుంది, ఇంటర్వెల్ దగ్గర మలుపుంది. పాటలు మాత్రం లేవు. ఆ ఒక్క లోటూ మన్నించాలి.

మా నాన్నగారిది తెనాలి. తెనాలి వాళ్ళకి సినిమా అంటే ఎంత ఇదో వేరే చెప్పాలా? గుమ్మడి వెంకటేశ్వరరావు గారిది మా పక్క ఊరేనని ఆయనకి మహా గర్వం. 2010లో గుమ్మడి గారు పోయినప్పుడు సొంత అన్నగారు పోయినట్టు రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. రిటైరైన స్కూలు మాస్టారు. పదిహేనేళ్ళుగా షుగరు. మొన్నామధ్య కళ్ళు చూపించుకోవడానికి హైదరాబాదు వచ్చి, కోఠిలో నా రెండు గదుల ఇంట్లో పది రోజులున్నారు.

కోఠి ఆయనకి కొత్త కాదు. నా డిగ్రీ పుస్తకాలు సెకండ్‌హాండులో కొనడానికి నాతో పాటు వచ్చేవారు. ఉమెన్స్ కాలేజీ ఎదురుగా నిలబడి, అదంతా ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు ఉన్న భవనమనీ, ఆ కోఠీ వల్లే ఈ పేటకి ఆ పేరొచ్చిందనీ పాఠం చెప్పేవారు. పుస్తకాల షాపువాడితో గంటసేపు బేరమాడేవారు. అలా మిగిల్చిన డబ్బుతో పుత్లీబౌలి మీదుగా మొజంజాహీ మార్కెట్ దాకా నడిపించి ఐస్‌క్రీం తినిపించేవారు. నాకు సీతాఫలం, ఆయనకి అంజీర్. ప్రతిసారీ అంతే. మార్పు లేదు.

ఈసారి కూడా నడిచాం. కాకపోతే ఇప్పుడు నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్టుని ఈ మధ్య బాగుచేశారు. మసి వదిలి, గడియారం స్తంభం పెళ్ళికొడుకులా నిలబడింది. నాన్నగారు అన్నీ చూశారు. ఐస్‌క్రీం దుకాణాల వైపు మాత్రం చూడలేదు. చూడకూడదనుకుని చూడలేదు. ఆ తేడా మనకి తెలుస్తుంది కదా!

తిరిగొచ్చేటప్పుడు ఓ మిఠాయి కొట్టు ముందు ఆగిపోయారు. (కొట్టు పేరు అడక్కండి, చెప్పను.) అద్దాల వెనక బోర్డు: ‘షుగర్ ఫ్రీ అంజీర్ బర్ఫీ’. ఆయన మొహంలో వెలుగు చూడాలి! మొదటి రోజు మొదటి ఆటకి టిక్కెట్టు దొరికినవాడి మొహం. పావుకిలో కొన్నారు. నేనూ వద్దనలేదు. బోర్డు నేనూ చదివాను కదా, నాకూ నచ్చింది.

ఆ రోజూ మర్నాడూ కలిపి నాలుగు ముక్కలు తిన్నారట. రెండో రోజు రాత్రి వేలు గుచ్చి చూస్తే మిషను 312 అంది. ఇదీ మన ఇంటర్వెల్!

తర్వాత జరిగింది చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. “మీరేమైనా చిన్నపిల్లాడా నాన్నగారూ?” అని గట్టిగా అరిచాను. మిఠాయి పెట్టె లాక్కుని బీరువా మీద పెట్టాను. ఆయన ఒక్క నిమిషం ఊరుకుని, “బోర్డు మీద రాసుంది కదరా. చదువుకున్నవాణ్ణి. చదివే తిన్నాను” అన్నారు. అంతే. మర్నాడు ఫలహారం వద్దన్నారు. టీ కూడా వద్దన్నారు. ముప్ఫై అయిదేళ్ళు పిల్లలకి చదవడం నేర్పిన మనిషి చదువుకే అవమానం జరిగింది. ఆ పని చేసింది సగం బోర్డు, సగం నేను.

కాబట్టి లెక్క తీశాను. పాఠకులు కూడా ఈ ఒక్క పేరా ఓపిక పట్టాలి. ఎండు అంజీర్ వంద గ్రాములు తీసుకుంటే అందులో దాదాపు 48 గ్రాములు చక్కెరే. ఎవరూ కలిపింది కాదు, పండుదే. చెట్టు మీదున్నప్పుడు నీళ్ళతో పల్చగా ఉన్న తీపి ఎండలో నీళ్ళు పోయి చిక్కబడుతుంది. పెద్ద పండు ఒక్కటి పదిహేను, ఇరవై గ్రాములు తూగుతుంది. అంటే పండుకి రెండు టీస్పూన్ల చక్కెర అనుకోండి. నాన్నగారు తిన్న నాలుగు ముక్కలూ లెక్కేస్తే పది స్పూన్ల దాకా తేలింది! ‘చక్కెర కలపలేదు’ అనడం వేరు, ‘చక్కెర లేదు’ అనడం వేరు. మన దేశపు ఆహార ప్రమాణాల సంస్థ 2018 నిబంధనల ప్రకారం, వంద గ్రాముల్లో అర గ్రాముకి మించి చక్కెర ఉంటే ‘షుగర్ ఫ్రీ’ అని రాసుకోకూడదు. అర గ్రామెక్కడ, నలభై ఎనిమిదెక్కడ?

అలాగని అంజీర్‌ని విలన్ని చేయడం అన్యాయం. అందులో పీచు పుష్కలం. వందకి పది గ్రాముల వరకూ ఉంటుంది. కాల్షియం కూడా బాగానే ఉంటుంది. డాక్టరుగారు కూడా, “పూర్తిగా మానక్కర్లేదు, రోజుకొకటి తినండి, అదీ తిండి లెక్కలో కలుపుకోండి” అన్నారు. (అది మా నాన్నగారి లెక్క. మీ ఇంట్లో షుగరున్నవారుంటే వాళ్ళ డాక్టరుని అడగండి, ఈ పేజీని కాదు.)

రోజుకొకటి! పావుకిలో తినే మనిషికి ఒక్క పండు. ఆ ఒక్క పండుతో పూర్తి నిడివి చిత్రం తీయడం ఎలా? అప్పుడొచ్చింది నాకు ఈ జోడీ ఆలోచన.

మర్నాడు బేగంబజార్ వెళ్ళాను. వద్దంటూనే నాన్నగారూ వచ్చారు. మాట్లాడలేదు కానీ వచ్చారు. ఎండు పండ్ల దుకాణాల ముందు అంజీర్ దండలు వేలాడుతుంటాయి, చూశారా? బిళ్ళల్లా నొక్కి, మధ్యలో తాడు గుచ్చి ఉంటాయి. ఎక్కువ భాగం అఫ్గానిస్తాన్ సరుకు. మన అనంతపురం వైపూ, పొరుగున బళ్ళారిలోనూ అంజూర తోటలున్నాయి. పూనా దగ్గర పురందర్ పండుకైతే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కాకపోతే ఆ పండ్లు పచ్చిగా తినడానికే ఎక్కువగా పోతాయి. ఎండుదంటే కాబూలు దిక్కే. అందుకే 2021 ఆగస్టులో కాబూలు తాలిబన్ల చేతిలో పడ్డప్పుడు ఇక్కడ ధర ఎగిరింది. కోఠిలో టీ తాగుతూ మనం పేపర్లో చదివే యుద్ధం కాస్త అవతల తక్కెట్లో కనపడుతుందన్నమాట. 1961లో బల్‌రాజ్ సాహ్ని ‘కాబూలీవాలా’గా భుజాన సంచీతో తిరిగింది ఈ సరుకు అమ్ముకుంటూనే కదా!

దుకాణం అతను మాతో తెలుగూ హిందీ కలిపి కొట్టాడు. “కాకా, ఇది చూడు, మంచి మాల్” అని ఓ పండు విప్పి నాన్నగారి చేతిలో పెట్టాడు. అలా విప్పి చూడడమే పద్ధతి. రంగు తేనెలా, లేత గోధుమలా ఉండాలి. నొక్కితే మెత్తగా లొంగాలి. రాయిలా ఉంటే పాతది. పైన సన్నటి తెల్లపొడి ఉంటే కంగారుపడకండి, ఎక్కువసార్లు అది పండులోని చక్కెరే పైకి తేలింది. నూగులా బూజులా ఉంటే మాత్రం వద్దు. పులిసిన వాసనొస్తే అసలే వద్దు. లోపల పురుగుందేమో చూడాలి. మేడిపండు పొట్ట విప్పమన్న వేమన గారి సలహా ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది, ఎందుకంటే మేడీ అంజీరూ ఒకే కుటుంబం, అన్నదమ్ముల పిల్లలు. ఇంకో విచిత్రం. వీటికి పువ్వు బయటికి కనపడదు. పండు అనుకుని మనం తినేది పువ్వుల సంచీ. నోట్లో కరకరలాడే గింజ ఒక్కొక్కటీ ఒక్కో బుల్లి పండు. ఇది నేను చెబుతుంటే నాన్నగారు, “ఏడో తరగతిలో నేను చెప్పిన పాఠమే” అన్నారు. రెండు రోజుల్లో అదే మొదటి మాట!

పావుకిలో కొన్నాం. కిలో వెయ్యి రూపాయల పైమాటే మరి.

ఇక వంట. మొదటి ప్రయోగం ఫ్లాపు. ముందే చెప్పేస్తున్నాను. మరుగుతున్న పాలల్లో రుబ్బిన అంజీర్ వేశాను. మర్యాదగా విరిగిపోయాయి. పచ్చి అంజీర్ కాడ తుంచితే వచ్చే పాలకి అసలు పాలను విరగ్గొట్టే గుణముంది. పూర్వం దాంతోనే జున్ను తోడుపెట్టిన దేశాలున్నాయి. ఎండుదాంట్లో కాస్త పులుపుంటుంది. మరిగే పాలు దాన్నీ ఓర్చుకోవు. చేయాల్సిందేమిటంటే, పాలు కాచి, దించి, గోరువెచ్చన అయ్యాక కలపాలి. చల్లటి పాలైతే ఇంకా మేలు. చిటికెడు ఏలకుల పొడి చాలు. చక్కెర వేశారో, మీకూ నాకూ మాటల్లేవు.

ఎందుకంటే, అంజీర్‌కి చక్కెర జోడీ కాదు. అంజీర్ మన గుమ్మడి గారి లాంటివాడు. ఆయన పాతికేళ్ళు దాటాయో లేదో ముసలి తండ్రి వేషాలు కట్టారు. ఇదీ అంతే, పుట్టుకతోనే ముడతలు, నెమ్మదైన తీపి, గొంతు పెంచకుండా సీనంతా నింపడం. పక్కన చక్కెరో బెల్లమో పాకం పట్టారంటే ఒకే సీనులో ఇద్దరు గుమ్మళ్ళు నిలబడినట్టే. ఎవరి డైలాగూ వినపడదు. హైదరాబాదు పెళ్ళిళ్ళలో ఖుబానీ కా మీఠా తిన్నారా? ఎండు ఆప్రికాట్లు నానబెట్టి ఉడికించి, పైన మీగడ వేసిస్తారు. అందులో ఖుబానీకి సహజంగా పులుపుంది కనుక చక్కెరని తట్టుకుంటుంది. అదే పద్ధతిలో అంజీర్ కా మీఠా చేసేవాళ్ళు పాకం కూడా అంతే పోస్తారు. రెండో చెంచాకే మొహం మొత్తుతుంది. అంజీర్‌కి కావలసింది తనలో లేనిది. పులుపు, ఉప్పు, కారం, చేదు, కరకర.

తెల్లవారుజామున ఆ సంగతి తట్టి లేచి కూర్చున్నాను. మనిళ్ళల్లో అల్లం పచ్చడికి బెల్లం వేస్తాం కదా! బెల్లం తీసేసి అంజీర్ పెడితే? అల్లమంటే సూర్యకాంతం గారు. నోరు మహా ఘాటు, కడుపుకి మహా మేలు. సూర్యకాంతం ఎదురుగా గుమ్మడి! కాల్షీట్లు దొరికితే ఏ డైరెక్టరు వదులుకుంటాడు?

ఇదీ పద్ధతి. పెద్ద అంజీర్లు నాలుగు కడిగి, వేడినీళ్ళలో రెండు గంటలు నానబెట్టండి. రాత్రి చన్నీళ్ళలో పడేసినా సరే. నానిన నీళ్ళు పారబోయకండి, సగం రుచి అందులోనే ఉంటుంది. రెండంగుళాల అల్లం చెక్కు తీసి, ముక్కలు చేసి, నూనెలో దోరగా వేయించాలి. ఎనిమిది ఎండుమిర్చి, చెంచాడు మినప్పప్పు, కాసిని మెంతులు విడిగా వేయించాలి. నిమ్మకాయంత చింతపండు ఆ అంజీర్ నీళ్ళలోనే నానేయండి. ఉప్పుతో సహా అన్నీ రుబ్బాలి. అంజీర్లు మాత్రం చివర్న వేసి రెండు తిప్పులు తిప్పి ఆపేయండి. గింజలు పంటికి తగలాలి, అదే దీని సొగసు. పైన ఆవాలు, ఇంగువ పోపు. ఇంటిల్లిపాదికీ వారం వస్తుంది. మనిషికి చెంచాడు వేసుకుంటే పండులో ఏడో వంతు కూడా పడదు.

పెసరట్టు వేశాను. అంచున ఈ పచ్చడి పెట్టి నాన్నగారి ముందుంచి, ఏమీ చెప్పకుండా వంటింట్లోకి పోయాను. తలుపు సందులోంచి చూస్తున్నాను. మొదటి ముద్ద. ఆగారు. రెండో ముద్ద పచ్చడి ఎక్కువగా, అట్టు తక్కువగా.

“ఏరా, ఇందులో ఏం వేశావు? బెల్లమైతే నాకు పెట్టవుగా నువ్వు?”

చెప్పాను. నలుగురికి నాలుగు పండ్లు కాదు, ముప్ఫై నలభై చెంచాలకి నాలుగు పండ్లని లెక్క కూడా చెప్పాను. ఆయన వేళ్ళ మీద లెక్కేసి చూసుకుని, “ఇంకో అట్టు వెయ్యి” అన్నారు.

ఆ తర్వాత మిగిలిన రోజులన్నీ మా ఇల్లు స్టూడియో అయిపోయింది. నేను తీయడం, ఆయన రివ్యూ రాయడం. ఒక అంజీర్ నాలుగు చీలికలు చేసి, ఒక్కో చీలికలో సగం అక్రోటు పెట్టి ఇచ్చాను. అక్రోటు చిరుచేదు తీపిని పట్టి నిలబెడుతుంది. ‘విలను మంచివాడైన కథ, శతదినోత్సవం ఖాయం’ అన్నారు. బాదంతో పెడితే ‘అందంగా ఉంది, నటన లేదు’ అని తేల్చేశారు. గట్టి పెరుగులో సన్నగా తరిగిన ఒక్క పండు, మిరియాల పొడి, చిటికెడు ఉప్పు, వేయించిన జీలకర్ర వేసి పెరుగుపచ్చడి చేశాను. అన్నంలోకి బాగుంది, జొన్నరొట్టెలోకి ఇంకా బాగుంది. జొన్నరొట్టె, వెన్న, అంజీర్ అనే త్రిపాత్రాభినయం కూడా ఒక పూట నడిచింది. పనీరు ముక్కలు పెనం మీద కాల్చి, మధ్యలో అంజీర్ పేటు పెట్టి మిరియాలు చల్లితే, ఆయన ‘ఇది ఇంగ్లీషు పిక్చరురా’ అని పక్కకి నెట్టారు. (నాకు నచ్చింది. నేనే తిన్నాను.)

ఆదివారం మాంసం. అరకిలోకి ఆరు అంజీర్లు, ముక్క పూర్తిగా ఉడికాక, దించే ముందు పది నిమిషాలుండగా వేయాలి. ముందే వేస్తే కరిగి గ్రేవీ జామైపోతుంది. పులుపుకి పెరుగు, ఘాటుకి మిరియాలు, లవంగం. పచ్చిమిర్చి కన్నా మిరియమే కుదిరింది, ఎందుకో అడక్కండి. పాలవ్యవహారంలా దీనికి శాస్త్రం చెప్పలేను, నాలుకే సాక్షి.

నా పాఠకుల్లో హాస్టలు రూముల్లో ఉండేవాళ్ళు, పొయ్యి లేనివాళ్ళు ఉంటారని నాకు తెలుసు. మీకు పొయ్యి అక్కర్లేదు. ఒక అంజీర్ చీల్చి, ఉప్పు జల్లిన వేరుశెనగ గుళ్ళు నాలుగు అందులో నొక్కండి, అంతే. మొజంజాహీ మార్కెట్ దాకా బస్సు ఛార్జీ కూడా మిగులుతుంది. అయినా నెలకొకసారి అక్కడ ఐస్‌క్రీం తినకపోతే హైదరాబాదులో ఉండి ఏం లాభం లెండి!

అన్నట్టు, ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు ఊదేసిన ఆ పెళ్ళి విందులో ఎంత వెతికినా అంజీర్ కనపడదు. నాన్నగారే పట్టుకున్నారీ సంగతి. “ఉండుంటే ఎస్.వి.రంగారావు దండతో సహా మింగేవాడు” అన్నారు. 1957 నాటి సినిమా గురించి ఈ మనిషి నిన్న సాయంత్రం చూసొచ్చినట్టే మాట్లాడతారు.

బయల్దేరే రోజు పావుకిలో దండ ఒకటి సంచీలో పెట్టి, ‘రోజుకొకటి’ అని కాగితం మీద రాసి గుచ్చాను. ఆయన ఆ కాగితాన్ని కళ్ళజోడు సవరించుకుని చదివి, అక్షరం తప్పు దిద్ది, మళ్ళీ గుచ్చారు. రైలు కదిలేముందు కిటికీలోంచి, “అంజీర్‌కి ఇన్ని సంబంధాలు చూశావు, నీ సంగతేమిట్రా?” అన్నారు. నేను వినపడనట్టు చెయ్యి ఊపాను.

మొన్న ఫోన్ చేస్తే అమ్మ చెప్పింది. రోజుకొకటే తింటున్నారట, కానీ కత్తితో రెండు చేసి పొద్దున సగం, సాయంత్రం సగం.

“ఒకేసారి తినెయ్యొచ్చుగా నాన్నగారూ?” అన్నాను.

“ఇంటర్వెల్ లేకుండా సినిమా ఎక్కడుందిరా?” అన్నారు.